కాలువ కట్టేశాక ఏం పూస్తుంది?

కొల్లేటి సీమలో తోటకు అసలు పరీక్ష శ్రావణంలో కాదు, మే నెలలో. నీళ్లు అడగకుండా పూచే మన నేల మొక్కలే తేనెటీగకూ తుమ్మెదకూ ఆ నెల దాటిస్తాయి.

మే నెల మూడో వారం, మధ్యాహ్నం. ఏలూరు కాలువలో నీళ్లు లేవు. అడుగున బురద నెర్రెలిచ్చింది. అక్కడక్కడా గుంటల్లో మిగిలిన నీటి చుట్టూ కొంగలు చేరాయి. గట్టు మీద ఒక కానుగ చెట్టు నిలువెల్లా పూసి ఉంది. దాని కింద నేల కనబడకుండా లేత ఊదా కలిసిన తెల్లపూలు రాలాయి. తలెత్తి చూడకముందే తేనెటీగల రొద చెవిన పడుతుంది. ఈ చెట్టుకు ఎవరూ బిందెడు నీళ్లు పోసింది లేదు. పట్టణం వైపు నడిస్తే రోడ్డు మధ్య డివైడరు మీద వరసగా కోనోకార్పస్ మొక్కలు కనిపిస్తాయి. అన్నింటినీ ఒకే ఎత్తుకు, పెట్టెల్లా కత్తిరించి ఉంచారు. ట్యాంకరు ఆగి వాటికి నీళ్లు పడుతోంది. పూత వచ్చేలోగానే కత్తెర పడుతుంది కాబట్టి అక్కడ ఈగ వాలాల్సిన పని లేదు.

కోనోకార్పస్ మీద చర్చ ఇప్పుడు ఊరూరా నడుస్తోంది. త్వరగా పెరిగి ఏడాది పొడుగునా పచ్చగా కనిపిస్తుందని తెచ్చి నాటిన ఈ మొక్కను తెలంగాణ 2022లో హరితహారం నుంచి తప్పించింది. గుజరాత్ 2023లో నిషేధించింది. తమిళనాడు 2025లో అదే దారి పట్టింది. దాని పుప్పొడి ఆరోగ్యానికి ఎంత చేటన్న వాదం ఇంకా తేలకపోయినా, ఆ వాదాన్ని పక్కన పెట్టినా, ఒక మాట మిగిలే ఉంటుంది. ఏ చెట్టు కొట్టాలన్న దగ్గరే చర్చ ఆగిపోతోంది. కొట్టిన చోట ఏది నాటాలో మాట్లాడేవారు తక్కువ. ఆ జాగాలో మళ్లీ కంటికి పచ్చగా కనిపించేదే పెడితే పేరు మారుతుంది, తప్పు మారదు. కొల్లేటి చుట్టుపక్కల ఇంటి పెరటికైనా, బడి ఆవరణకైనా, కాలువ గట్టుకైనా మొక్కను ఎంచడానికి ఒకే ప్రశ్న చాలు: కాలువ కట్టేసిన నెలలో, గొట్టంతో నీళ్లు పెట్టకుండా, ఇది పూస్తుందా? పూస్తే ఆ పూత ఎవరి కడుపు నింపుతుంది?

నీళ్ల సీమలో కరువు మొక్కలా?

ఈ మాటకు మొదట ఎదురయ్యే అభ్యంతరం సహజమైనదే. కరువుకు తట్టుకునే మొక్కలు అనంతపురానికి కావాలి గాని ఏలూరుకెందుకు? కృష్ణ నీళ్లూ గోదావరి నీళ్లూ కాలువల్లో వచ్చి కలిసే ఊరు ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల వరిచేలతో నిండిపోయింది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి పడే కొల్లేరు పక్కనే ఉంది. అయితే ఈ నీటికి ఒక క్యాలెండరు ఉంది. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేది సార్వాకే. ఈ మధ్యలోనే రోహిణి కార్తె ఎండలు కాస్తాయి. ఎండ ముదిరేకొద్దీ ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు పైకి ఎగదన్నుతుంది. లంక గ్రామాల్లో చేతిపంపు నీళ్లు నోట పెట్టుకోలేనంతగా మారతాయి. మెట్ట వైపు కామవరపుకోట, చింతలపూడి ప్రాంతాల్లో బోర్లే దిక్కు. తాగడానికి నీళ్ల డబ్బా కొనుక్కునే ఇంట్లో పచ్చిక తడపడానికి రోజూ గొట్టం తిప్పడం న్యాయం కాదు.

నీళ్లు ఆదా చేయడం ఒక్కటే దీనికి కారణమైతే ముళ్ల కాక్టస్ నాటుకుని ఊరుకోవచ్చు. కాని మన నేల చెట్లలో ఎక్కువ భాగానికి మరో గుణం ఉంది. ఇవి ఎండాకాలంలోనే పూస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో మోదుగ, ఆ వెంటనే వేప, నేరేడు, ఎండలు ముదిరాక కానుగ, రేల, మద్ది వరసగా పూతకొస్తాయి. లోతుకు దిగిన వేళ్లు పైనేల ఎండినా కింద తేమ వెతికి తెచ్చుకుంటాయి. ఆకు రాలిన కొమ్మ మీద పువ్వు దూరానికే పురుగు కంట పడుతుంది. పైగా వేప, నేరేడు లాంటివి చైత్రంలో పూస్తేనే తొలకరి నాటికి పండు రాలి, గింజ తడినేలలో మొలకెత్తుతుంది. నీళ్లు అడగని చెట్టును ఎంచుకుంటే ఎండల్లో పూచే చెట్టు దానంతట అదే దొరుకుతున్నట్టు. ఈ సీమలో నీటి పొదుపూ తేనెటీగ తిండీ వేరువేరు లెక్కలు కావు.

వరికీ చేపకూ మధ్య ఆకలి

తేనెటీగ కంటితో ఒకసారి ఈ ప్రాంతాన్ని చూడాలి. తాడేపల్లిగూడెం నుంచి కైకలూరు దాకా ఎటు చూసినా వరి, లేదంటే చేపల చెరువు. వరి తన పుప్పొడితో తానే ఫలదీకరణం చెందుతుంది, దానికి పురుగు అవసరం లేదు, పురుగుకు అది పెట్టే తేనే లేదు. చేపల చెరువులో పువ్వే లేదు. 1999లో కొల్లేటిలో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో 901 చదరపు కిలోమీటర్లకు రాంసర్ గుర్తింపు వచ్చింది, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో అక్రమ చెరువుల గట్లు పేల్చేశారు. ఈ పోరాటాలన్నీ గూడబాతుల కోసం, ఎర్రకాళ్ల కొంగల కోసం, నీటి ప్రవాహం కోసం జరిగాయి. జరగాల్సినవే. గట్ల మీద, పుంతల పక్కన, ఇళ్ల వెనక దొడ్లలో ఉండే పొదలు అదే కాలంలో ఒక్కొక్కటీ మాయమయ్యాయి. వాటి గురించి ఎవరూ లెక్క రాయలేదు.

అంచుల్లోని ఆ పొదలే పురుగుకు వంటిల్లు. వావిలి, తంగేడు, రేగు, ఉత్తరేణి, తుమ్మి తీసేసి గట్టును జేసీబీతో చదును చేశాక మిగిలే మట్టి మీద గడ్డిమందు పడుతుంది. అక్కడ పూచే అవకాశమున్నది వయ్యారిభామ ఒక్కటే. పెద్ద తేనెటీగలు కాలాన్ని బట్టి పూత ఉన్న చోటికి వలస పోగలవు. గోడ పగుళ్లలో గూడు కట్టే కుట్టని చిన్న తేనెటీగలు అంత దూరం పోలేవు. అర కిలోమీటరు పరిధిలో దొరికిందే వాటి బతుకు. అందుకే పెరడు ఇక్కడ ముచ్చటకు పెట్టుకునే వస్తువు కాదు. వరి, చేపల చెరువులతోనే నిండిన ఈ సీమలో పన్నెండు నెలలూ పువ్వు దొరకగల చోటు ఇళ్ల మధ్యే మిగిలింది.

వంకాయ వెనక తుమ్మెద

పురుగుల ఆకలి మన సమస్య ఎలా అవుతుందని అడిగేవారికి జవాబు వంటింట్లోనే ఉంది. ప్రపంచంలోని ముఖ్యమైన ఆహార పంటల రకాల్లో మూడొంతులకు పైగా ఎంతో కొంత జీవుల పరాగసంపర్కం మీదే ఆధారపడ్డాయని జీవవైవిధ్యంపై అంతర్జాతీయ వేదిక అయిన ఐపీబీఈఎస్ 2016లో తేల్చింది. ప్రపంచం లెక్క అటుంచి మన లెక్క చూసుకుందాం. వంకాయ పువ్వులో పుప్పొడి సన్నని తిత్తుల్లో బిగించి ఉంటుంది. కొసన ఉన్న రంధ్రం గుండా తప్ప బయటికి రాదు. నల్లగా మెరిసే పెద్ద తుమ్మెద వచ్చి పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో అదరగొడితే పుప్పొడి బుస్సున రాలుతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఆ విద్య రాదు. అదే పొందిక తంగేడు పువ్వులోనూ ఉంది. తంగేడు తేనె ఇవ్వదు, పుప్పొడే ఇస్తుంది. కాబట్టి గట్టు మీద తంగేడు ఉంటే, పెరట్లో వంగ పూసే నాటికి తుమ్మెద దగ్గరలోనే ఉంటుంది. జిల్లేడు, అడ్డసరం, కంది, జనుము పూలకూ అదే ముఖ్య అతిథి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పూలకూ పురుగులకూ మధ్య సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన ఆలూరి జాకబ్ సాల్మన్ రాజు, సహ పరిశోధకుడితో కలిసి ఈ తుమ్మెదల గూళ్లు, తిండి అలవాట్ల మీద 2006లో 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశారు. ఎండు కర్రలో, వెదురులో తొలిచిన రంధ్రమే దానికి ఇల్లు. దొడ్లో ఒక ఎండు మొద్దును తగలేయకుండా ఉంచడం కూడా తోటపనే.

ఒక్క పురుగు ఎంత పని చేయగలదో ఈ ప్రాంతం రైతుకు వేరే చెప్పక్కర్లేదు. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది. చుట్టూ మెట్టంతా ఆ తోటలే. ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి చిన్న ముక్కు పురుగును 1981లో మలేషియాకు తెచ్చి వదిలేదాకా అక్కడ కూలీలు చేత్తో పుప్పొడి చల్లేవారు. 1985లో అదే పురుగు కేరళ తోటల ద్వారా మన దేశంలో అడుగు పెట్టింది. పంట పెంచాలంటే పురుగునూ తెచ్చుకోవాల్సి వచ్చింది. కొబ్బరి నీడలో పెరిగే కోకోకు కుళ్లిన ఆకుల్లో, అరటి బొందెల్లో పుట్టే దోమంత ఈగలే ఆధారం. నూజివీడు రసాలకు ఈగలు పెద్ద దిక్కు. సొర, బీర పూలు సాయంత్రం విప్పుతాయి, వాటి దగ్గరికి చీకటి పడ్డాక రెక్కల పురుగులు వస్తాయి. ఒకే తేనెపెట్టె తెచ్చి పెడితే తీరే అవసరం కాదిది. రకరకాల పురుగులు కావాలంటే రకరకాల పూలు, పూత లేని నెల లేకుండా, ఉండాలి.

▣ పన్నెండు నెలల పూల పట్టీ
జనవరి–మార్చి: అడ్డసరం, ముళ్లగోరింట, జమ్మి, మోదుగ, వాక్కాయ, వేప
ఏప్రిల్–జూన్: నేరేడు, కానుగ, రేల, మద్ది
జులై–సెప్టెంబరు: వావిలి, నల్లతుమ్మ, రేగు, పారిజాతం, ఉత్తరేణి
అక్టోబరు–డిసెంబరు: తుమ్మి, తంగేడు, డిసెంబరాలు, కుంకుడు
దాదాపు ఏడాదంతా: జిల్లేడు, గంగరావి, తులసి, కనకాంబరం

పూలు చాలవు, ఆకులూ కావాలి

"బంతి మీద కూడా సీతాకోకలు వాలుతున్నాయిగా, మన మొక్కే ఎందుకు?" అన్నది గట్టి ప్రశ్నే, దీన్ని దాటేయకూడదు. బంతి మెక్సికో నుంచి వచ్చింది, అయినా దాని తేనె తేనే. సర్కారు తుమ్మ పరాయిదే, అయినా తేనెటీగలు దాన్ని వదలవు. తేనె ఒక్కటే కొలత అయితే స్వదేశం, విదేశం తేడా పెద్దగా ఉండదు. కాని సీతాకోకచిలుక బతుకు తేనెతో మొదలు కాదు, ఆకుతో మొదలవుతుంది. గొంగళిపురుగు ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. నారింజ రెక్కలకు నల్లంచు ఉండే ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు ఆకు కావాలి. పసుపు, తెలుపు రెక్కల వలస సీతాకోకలకు రేల, తంగేడు కావాలి. నలుపు మీద పసుపు మచ్చల నిమ్మ సీతాకోక కరివేపాకు మీద, నిమ్మ మీద, మారేడు మీద గుడ్లు పెడుతుంది. చిత్రమూలం మీద చిన్న నీలి చారల సీతాకోక పెరుగుతుంది. ఎర్ర ఒంటి రోజ్ సీతాకోకలకు ఈశ్వరి, గాడిదగడప తప్ప మరొకటి గతి లేదు. పురుగుకూ ఆకుకూ ఈ ఒప్పందం కుదరడానికి వేల తరాలు పట్టింది. పరాయి మొక్క అతిథికి తేనె పోయగలదు గాని చాలావరకు దాని పిల్లల్ని సాకలేదు.

కరువుకు ఓర్చడం ఒక్కటే చూసి ఎంచడం కూడా ప్రమాదమే. సర్కారు తుమ్మంత కరువుకు ఓర్చేది ఏముంది? అది ఓర్చుకోవడంతో ఆగదు, పక్క మొక్కను బతకనివ్వదు. లాంటానా కూడా అంతే. కాబట్టి మూడు షరతులు కలిసి రావాలి: ఎండకు ఓర్చాలి, ఈ నేల పురుగులకు తేనో ఆకో ఇవ్వాలి, తన హద్దు దాటకూడదు. బంతులు, చామంతులు పీకేయమని ఎవరూ అనడం లేదు. పండగ పూలు వాటి మళ్లలో అవి ఉండనివ్వండి. తోటకు వెన్నెముకగా నిలిచే చెట్లు, కంచెలు, పొదలు మాత్రం మనవి కావాలి.

▣ చవితి పత్రిలోనే చిట్టా ఉంది
వినాయక చవితికి ఏలూరు, తాడేపల్లిగూడెం బజార్లలో కట్టలుగా అమ్మే పత్రిని ఒకసారి మొక్కల పట్టీగా చదవండి. రేగు, ఉత్తరేణి, జిల్లేడు, జమ్మి, వావిలి, మద్ది, వాకుడు, మారేడు, విష్ణుక్రాంతం, తులసి, రావి: ఇరవై ఒక్క పత్రాల్లో సగానికి పైగా నీళ్లు పోయకుండా బతికే మన నేల మొక్కలే, ప్రతిదానికీ ఏదో ఒక పురుగుతో చుట్టరికం ఉన్నదే. వాకుడు పువ్వు వంకాయ పువ్వులాగే తుమ్మెద అదిరిస్తేనే పుప్పొడి వదులుతుంది. ఏటా ఒక్కరోజు కోసం గట్లన్నీ గాలించి కోసుకొచ్చే కన్నా బడిలో, గుడిలో ఒక పత్రివనం పెంచితే పూజకూ పనికొస్తుంది, మిగతా 364 రోజులూ పురుగులకూ పనికొస్తుంది.

ఏ నేలకు ఏది

స్వదేశీ మొక్క అన్నంత మాత్రాన ఎక్కడ పాతినా బతకదు. ఇక్కడే చాలామంది చేయి కాల్చుకుంటారు. తంగేడుకు కరువు భయం లేదు, నీరు నిలిస్తే మాత్రం వేరు కుళ్లిపోతుంది. కొల్లేటి చుట్టూ నల్లనేల శ్రావణంలో జిగురు ముద్ద, వైశాఖంలో రాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటి ఊళ్ల మీద పడినప్పుడు ఇళ్లతో పాటు దొడ్లూ మునిగాయి. ఈ నేలలో మొక్క మేలో దాహాన్నీ ఆగస్టులో మునకనూ రెండింటినీ భరించాలి. అంతటి ఓర్పు కానుగకు ఉంది, వావిలికి ఉంది, మద్ది, నేరేడు, నల్లతుమ్మలకు ఉంది. ఉప్పు తగిలే ఆకివీడు, ఉప్పుటేరు వైపు గంగరావి, పొన్న, కానుగ నిలబడతాయి. నల్లనేలలోనే తంగేడు, కనకాంబరం, తుమ్మి కావాలంటే మూరెడు ఎత్తున మట్టి పోసి కట్ట మీద నాటాలి.

తాడేపల్లిగూడెం పరిస్థితి వేరు. ఒక పక్క డెల్టా, మరో పక్క వెంకట్రామన్నగూడెం వైపు నీరు ఇంకే ఎర్రనేల. 2007లో ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నది ఆ ఊళ్లోనే. ఈ ఎర్రనేల తంగేడు, రేల, వేప, కుంకుడు, రేగు, అడ్డసరం లాంటి మెట్ట మొక్కలకు పుట్టిల్లు. ఇంటి కంచెకు వాక్కాయను మించినది లేదు. ముళ్లతో మేకను ఆపుతుంది, తెల్లని పూలతో చీకట్లో రెక్కల పురుగుల్ని పిలుస్తుంది, వానాకాలంలో పప్పులోకీ పచ్చడిలోకీ కాయ ఇస్తుంది. అర సెంటు జాగా ఉన్నవారు కూడా కరివేపాకు, తులసి, కనకాంబరం, ముళ్లగోరింట పెట్టుకోవచ్చు. అమ్మలు జడలో తురుముకున్న కనకాంబరాలూ డిసెంబరాలూ మన నేల మొక్కలే. అపార్టుమెంటు వాసులకూ ఈ జాబితాలో చోటుంది, తులసి పూతకొచ్చాక కంకులు తుంచేయకుండా వదిలితే చాలు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. ఇదంతా కొల్లేటి అంచులకు వర్తిస్తుంది, కొల్లేటికి కాదు. సరస్సు గర్భం తూడు, కిక్కిస, తామర పెరిగే తడినేల. పచ్చదనం పేరుతో అక్కడ చెట్లు నాటితే చెట్లు లేని నీటి బయల్లో దిగే పక్షులకు చోటు పోతుంది. స్వదేశీ మొక్కను దాని చోటు కాని చోట నాటడం కూడా అన్యాయమే.

▣ రాక్స్‌బర్గ్ చూసిన తెలుగు మొక్కలు
మన మొక్కల మీద తొలి పెద్ద సచిత్ర గ్రంథాల్లో ఒకటి ఈ గోదావరి సీమలోనే పుట్టింది. 1780ల్లో సామర్లకోటలో ఉద్యోగం చేసిన విలియం రాక్స్‌బర్గ్ అక్కడే ప్రయోగాల తోట వేశాడు. స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, చాలావాటికి తెలుగు పేర్లు కూడా నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి లండన్‌లో సంపుటాలుగా వెలువడింది. దానిలో 300 వర్ణచిత్రాలున్నాయి.

పాముల భయం, కుట్టే భయం, అందం మాట

"పొదలు పెంచితే పాములొస్తాయి" అన్న భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం తప్పు. పాము వచ్చేది పువ్వు కోసం కాదు, ఎలుకల కోసం, కప్పల కోసం, చెత్తకుప్ప కింద చల్లదనం కోసం. కాబట్టి గుమ్మం దగ్గర మోకాలెత్తు మొక్కలు, ప్రహరీ వెంట పొదలు, వాటి మధ్య ఊడ్చిన నేల ఉండాలి. రాళ్లు, ఇటుకలు ఇంటికి ఆనించి కుప్పపోయకూడదు. కుట్టడం సంగతికొస్తే, ఎత్తయిన భవనాలకు, నీళ్ల ట్యాంకులకు పట్టు పెట్టే పెద్ద తేనెటీగ నిజంగానే ప్రమాదకరం, దాని జోలికి పోకూడదు. ఆ పట్టు మీ తంగేడు పొదను చూసి రాదు, ఎత్తును చూసి వస్తుంది. మగ తుమ్మెదకు కొండే లేదు, ఆడదీ చేత్తో పట్టుకుంటే తప్ప కుట్టదు. గోడ పగుల్లోని చిన్న తేనెటీగ కుట్టే జాతే కాదు. జిల్లేడు పాలు కంట్లో పడకూడదు, గన్నేరు విషం, పసిపిల్లలున్న ఇంట్లో ఈ రెండూ అందుబాటులో వద్దు. రావి, మర్రి ఇంటి గోడకు దూరంగా ఉండాలి.

అందం మాట మరింత లోతైనది. అడ్డసరం, ఉత్తరేణి పెంచితే ఇరుగుపొరుగు పిచ్చిమొక్కలంటారు. పచ్చని చాప పరిచినట్టున్న లాను, వరసలు తీరిన క్రోటన్లే తోట అని పత్రికలూ సినిమాలూ నేర్పాయి. ఆ కన్ను మారడానికి వాదన కన్నా చక్కని అమరిక ఎక్కువ పనికొస్తుంది. దారి అంచులు తీర్చి, ఎత్తుల వరస చూసుకుని, ఒకే రకం మొక్కల్ని నాలుగైదు కలిపి గుంపుగా పెడితే తంగేడు పసుపు ముందు ఏ క్రోటనూ నిలవదు. వైశాఖంలో రేల చెట్టు బంగారు జల్లుల్లా వేలాడే పూత కన్నా అందమైనది ఏ దేశం నుంచి తెస్తాం? తెలంగాణ తంగేడును రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం వేప. రాష్ట్ర చిహ్నంగా ఒప్పుకున్న చెట్టు రోడ్డు డివైడరుకు పనికిరాదని అనడం ఏ తర్కం?

"మా రెండు సెంట్ల పెరడుతో లోకం మారుతుందా?" అన్నది చివరి సందేహం. ఒక్క పెరడుతో మారదు. కాని చిన్న తేనెటీగ అర కిలోమీటరే తిరుగుతుంది కాబట్టి దాని లోకం కూడా ఒక వీధంతే. వీధికి నాలుగు ఇళ్లు, ఒక బడి, ఒక గుడి కలిస్తే ఆ లోకానికి పన్నెండు నెలల తిండి సమకూరుతుంది. మిగిలిన సాయం ఏమీ చేయకపోవడమే: పూతలో ఉన్న మొక్క మీద పురుగుమందు కొట్టకపోవడం, పెరడంతా సిమెంటు చేయకపోవడం. ప్రపంచంలోని 20,000కు పైగా తేనెటీగ జాతుల్లో ఎక్కువ భాగం పట్టు పెట్టవు, ఒంటరిగా నేలలో బొరియ చేసుకుని బతుకుతాయి. వాటికి మీ ఇంట్లో కావలసింది జానెడు ఒట్టి మట్టి.

▣ నాటడం ఇలా
♦ తొలకరి తర్వాత నాటండి, మొదటి వేసవికి వేరు దిగి ఉంటుంది. కరువుకు ఓర్చే మొక్కకైనా మొదటి ఎండాకాలం నీళ్లు కావాలి.
♦ మొక్క పక్కన మట్టికుండ పాతి నీళ్లు నింపితే తడి వేరుకే అందుతుంది. పాదులో వరిగడ్డి, ఎండుటాకులు పరచండి.
♦ వేప, కానుగ గింజలు తాజాగానే నాటాలి. రేల గింజ పెంకు గట్టిది, గరుకు రాయి మీద రుద్ది నానబెట్టాలి. వావిలి కొమ్మ పాతినా వస్తుంది.
♦ వెడల్పు మూకుడులో గులకరాళ్లు వేసి నీళ్లు పోయండి, పురుగు మునగకుండా తాగుతుంది.

అడగాల్సిన చోటు నర్సరీ

ఇంతా చెప్పాక పాఠకుడు నర్సరీకి వెళ్తే తంగేడు మొక్క చాలా చోట్ల దొరకకపోవచ్చు. గోదావరి దాటితే కడియం, కడియపులంక. దేశమంతటికీ మొక్కలు పంపే నేల అది. అక్కడి రైతులకు ఏ మొక్కనైనా పెంచే చేయి ఉంది. అడిగేవారు లేక మన మొక్కలు పక్కకు పోయాయి. నర్సరీ అమ్మేది మనం అడిగింది, మునిసిపాలిటీ టెండరులో రాసింది. టెండరులో ఎత్తు, ధర, సంఖ్య ఉంటాయి గాని పూచే నెల ఎక్కడా ఉండదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం పట్టణ పాలకులు తమ మొక్కల కొనుగోలు పత్రంలో రెండు గడులు కలిపితే చాలు: ఈ మొక్క ఏ నెలలో పూస్తుంది, ఒకసారి నిలదొక్కుకున్నాక ఎన్ని నీళ్లు అడుగుతుంది. ఈ రెండు గడులూ నింపాల్సి వస్తే పెట్టెలా కత్తిరించే మొక్క తనంతట తానే జాబితా నుంచి జారిపోతుంది. వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం చేతికందే దూరంలో ఉన్న సీమ ఇది. నల్లనేలకో పట్టీ, ఎర్రనేలకో పట్టీ, ఉప్పునేలకో పట్టీ తయారు చేయించడం అసాధ్యమేమీ కాదు.

ఐక్యరాజ్యసమితి మే 20ని ప్రపంచ తేనెటీగల దినంగా ప్రకటించింది. 2018 నుంచి దాన్ని జరుపుతున్నారు. ఆ తేదీ మనకు కాలువలు కట్టేసి ఉండే కాలంలో పడుతుంది. ఆ రోజు ఉపన్యాసాల బదులు ప్రతి వార్డులో, ప్రతి బడిలో ఒక లెక్క తీయాలి: నీళ్లు పెట్టకుండా ఈరోజు ఇక్కడ పూసినవి ఎన్ని? ఆ సంఖ్య సున్నా అయితే మనం పెంచింది తోట కాదు, పచ్చరంగు. దాన్ని ఏటా ఒకటో రెండో పెంచుకుంటూ పోవడం పెద్ద బడ్జెట్ అడగని పని. వంకాయ తినే ప్రతి ఇంటికీ, రసాలు అమ్ముకునే ప్రతి రైతుకూ అందులో వాటా ఉంది. ఈ తొలకరికే మొదలు పెట్టాలి, ఎందుకంటే ఇవాళ నాటిన కానుగ పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది, పురుగుల ఆకలి మాత్రం వచ్చే వేసవికే తిరిగి వస్తుంది.